పసుపు కొమ్ము నుండి క్యాప్సూల్ దాకా: వంటింటి ఔషధానికి హద్దు ఎక్కడ?

పోయిన వేసవిలో బోధన్ నుండి ఒక దంపతులు నా వద్దకు వచ్చారు. భర్త ఉపాధ్యాయుడుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు; వయస్సు అరవైకి దగ్గర. ఆరేళ్ళుగా మధుమేహం ఉన్నది. మోకాళ్ళ నొప్పులు కూడా తోడైనవి. మద్యం అలవాటు లేదు. రెండు వారాలుగా అన్నం సయించడం లేదని, వికారంగా ఉన్నదని, మూత్రం ముదురు రంగులో వస్తున్నదని చెప్పారు. కన్నుల తెల్లగుడ్డు చూస్తేనే సంగతి తెలిసిపోయింది: కామెర్లు. అప్పటికే పట్టణంలో పరీక్షలు చేయించుకున్నారు. కామెర్లు కలిగించే వైరస్‌లు ఏవీ కనబడలేదు. పిత్తనాళంలో అడ్డు లేదు. ఎస్.జి.పి.టి., బిలిరుబిన్ మాత్రం మిక్కిలి హెచ్చుగా ఉన్నవి.

ఆహార విహారాలను గూర్చి ఒక్కొక్కటిగా అడుగుతూ పోగా ఆయన భార్య సంచిలో నుండి ఒక సీసా తీసి బల్లపై పెట్టింది. అమెరికాలో ఉన్న కుమార్తె సంక్రాంతికి వచ్చినపుడు తెచ్చిన పసుపు క్యాప్సూళ్ళు. మోకాళ్ళకు మంచిది, షుగర్‌కు కూడా మంచిది అని చెప్పి ఇచ్చినదట. రెండు నెలలకు పైగా పూటకొకటి చొప్పున వేసుకున్నారు. షుగర్ తగ్గుతుందన్న ధీమాతో రాత్రి వేసుకోవలసిన మాత్రను కూడా మానివేశారు.

“సార్, మా ఇంట్ల పసుపు లేని కూర ఉండదు. పుట్టినప్పటి సంది తింటున్నం. గా పసుపు గోలీ ఏం జేస్తది?” అన్నది ఆమె. ఆయన తల వంచుకొని, “ఏమేం మందులు వాడుతున్నరని డాక్టర్ సాబ్ అడిగిండ్రు. అది మందు కాదు గదా అని నేను చెప్పలే” అన్నారు.

ఈ రెండు మాటలే నేటి మన పాఠానికి మూలం. పసుపు మందా, ఆహారమా? మందే అయితే దాని మోతాదు ఎంత?

పసుపు పండే సీమలోనే ఈ సందేహం

నిజామాబాద్ వారికి పసుపును గూర్చి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్ ప్రాంతాల రైతులు జూన్‌లో విత్తి, సంక్రాంతి దాటిన తర్వాత త్రవ్వి, కొమ్మునూ మండనూ వేరుచేసి, ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి గంజ్‌కు తెస్తారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమై, అదే ఏడాది జూన్‌లో దాని ప్రధాన కార్యాలయం ఈ పట్టణంలోనే వెలిసింది. ఇంతటి పసుపు సీమకు చెందిన పెద్దమనిషి అమెరికా సీసాలోని పసుపు వల్ల కామెర్లు తెచ్చుకొనెనా అన్న విస్మయం నాకూ కలిగింది. కాని సీసాలో ఉన్నది గంజ్‌లోని పసుపు వంటిది కాదు.

పసుపు కొమ్ములో పిండిపదార్థం, పీచు, సుగంధ తైలాలు, మరికొన్ని పదార్థాలు ఉన్నవి. పచ్చని వర్ణమిచ్చే కర్కుమిన్ వర్గం రకాన్ని బట్టి నూటికి రెండు నుండి ఐదు పాళ్ళు మాత్రమే. సగటున మూడు అనుకుందాం. పప్పులో, పులుసులో, కూరలో కలిసి మనిషికి రోజుకు రెండు గ్రాముల పసుపు పడితే అందులోని కర్కుమిన్ 60 మిల్లీగ్రాములు. ఆ సీసాపై వ్రాసినదేమనగా, ఒక్కొక్క క్యాప్సూల్‌లో 500 మిల్లీగ్రాముల పసుపు సారం, అందులో 95 పాళ్ళు కర్కుమిన్ వర్గం. అనగా ఒక్క క్యాప్సూల్‌లో 475 మిల్లీగ్రాములు. రోజుకు రెండు వేసుకుంటే 950. అంత కర్కుమిన్ మామూలు పసుపు ద్వారా రావలెనంటే దినమూ మూడు తులాలకు పైగా పొడి మింగవలెను. ఏ అత్తగారూ ఏ కోడలినీ కూరలో అంత పసుపు వేయనివ్వదు; వేసినా ఆ కూర ఎవరూ నోట పెట్టలేరు. వంటలో నాలుకే కాపలాదారు. క్యాప్సూల్ ఆ కాపలాను దాటి నేరుగా కడుపులోకి పోతుంది.

ఆహారంలో కలిపే రంగుల పరిమితులను నిర్ణయించే అంతర్జాతీయ నిపుణుల సంఘం కర్కుమిన్‌ను జీవితాంతం ప్రతిదినమూ తీసుకొనదగిన పరిమాణాన్ని శరీర బరువులో కిలోకు 3 మిల్లీగ్రాములుగా పేర్కొన్నది. 60 కిలోల మనిషికి ఇది 180 మిల్లీగ్రాములు. దీనిని దాటిన నాడే హాని జరుగునని అర్థం కాదు. కాని మన రోగి దానికి ఐదింతలకు పైగా తీసుకున్నాడన్న సంగతి గమనించవలెను.

శాస్త్రం చెప్పిన హరిద్ర

ఆయుర్వేదంలో పసుపుకు హరిద్ర, నిశ, రజని, కాంచని మొదలైన పేర్లు ఉన్నవి. ఇది కటు తిక్త రసములు కలది, రూక్షం, ఉష్ణవీర్యం. చరకుడు దీనిని లేఖనీయ, కుష్ఠఘ్న, కండూఘ్న, విషఘ్న గణములలో చేర్చినాడు; అనగా కొవ్వును గీకునది, చర్మవ్యాధులను, దురదను, విషాన్ని హరించునది. ప్రమేహానికి ఉసిరిక, పసుపుల జోడి శ్రేష్ఠమని వాగ్భటుని మాట. వైద్యులు నిశామలకి అని వాడుతున్నది ఈ కలయికనే. కావున “షుగర్‌కు పసుపు మంచిది” అన్న ఆ అమ్మాయి మాట గాలిలో పుట్టినది కాదు.

అయితే ఆ శాస్త్రమే ప్రమేహానికి కారణాలను కూడా చెప్పినది. కదలక కూర్చొనే సుఖం, అతినిద్ర, పెరుగు, క్రొత్త ధాన్యం, బెల్లంతో చేసిన పదార్థాలు అని చరకుని పట్టిక సాగుతుంది. బోధన్ వారికి ఇది కొంచెం గుచ్చుకొనే పట్టికే. నిజాంసాగర్ నీటితో పండిన చెరకు, 1930ల చివర వెలసి ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని పేరనే శక్కర్‌నగర్, ఇవన్నీ ఆ ఊరి ఇంటి కథలో భాగం. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చాయ్‌లో చక్కెర మాత్రం మూతపడలేదు. భారత వైద్య పరిశోధనా మండలి 2023లో ప్రకటించిన సర్వేలో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని, మరి 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో నిలిచి ఉన్నారని తేలింది. చక్కెర, కూర్చొనే బ్రతుకు రెండూ అలాగే ఉంచుకొని పైన పసుపు వేసుకుంటే చరకుడైనా ఏమి చేయగలడు?

మోతాదు విషయంలో మన గ్రంథం చాలా నిదానంగా మాట్లాడుతుంది. భారత ప్రభుత్వ ఆయుర్వేద ఫార్మకోపియా హరిద్రాచూర్ణానికి చెప్పిన మాత్ర 1 నుండి 3 గ్రాములు. కర్కుమిన్ లెక్కన ఇది 30 నుండి 90 మిల్లీగ్రాములు. వంటింటి వాడకానికి, వైద్యుని మోతాదుకు దాదాపు ఒకే కొలత! సీసాలో ఉన్నది ఈ హరిద్ర కాదు. హరిద్రలో నుండి ఒక్క అంశాన్ని పిండి, మిగిలినది పారవేసి చేసిన మరొక ద్రవ్యం. దానికి చరక వాగ్భటుల పేరు వాడుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మిరియం తెరిచిన తలుపు

కర్కుమిన్‌కు ఒక సహజ గుణం ఉన్నది. అది ప్రేగుల నుండి రక్తంలోకి సులభంగా చేరదు. చేరిన కొద్దిపాటిని కాలేయం త్వరగా మార్చి బయటకు పంపుతుంది. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు కొందరు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్కుమిన్ ఇచ్చి చూస్తే రక్తంలో దాదాపు జాడయే కనబడలేదు. దానితో పాటు మిరియంలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇచ్చినపుడు శరీరానికి అందినది సుమారు ఇరవై రెట్లు పెరిగింది. అప్పటి నుండి ఎన్నో కంపెనీలు తమ పసుపు క్యాప్సూళ్ళలో మిరియపు సారాన్ని చేర్చసాగినవి. మరికొందరు కొవ్వు కణాలలో పొదిగి, మరింత సూక్ష్మంగా చేసి, “ఎక్కువగా ఒంటబట్టును” అని ప్రకటిస్తున్నారు.

ఒంటబట్టడం మంచిదే గదా అనిపించును. కాని పైపరిన్ తలుపు తెరిచేది పసుపుకు ఒక్కదానికే కాదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, రక్తపోటుకు వాడే ప్రొప్రనలాల్, ఆయాసానికి వాడే థియోఫిలిన్ వంటి మందులు కూడా దాని వల్ల రక్తంలో పెరుగుతవని పరీక్షలలో కనుగొన్నారు. మిరియాల చారుకు జడిసే పని లేదు. ఇక్కడ చెబుతున్నది సారపు మాటే.

కాలేయం ఇచ్చిన హెచ్చరిక

ఔషధాల వల్ల కాలేయానికి కలిగే హానిని అమెరికాలో 2004 నుండి నమోదు చేస్తున్న వైద్యబృందం ఒకటి కలదు. వారు పసుపు వల్ల కలిగినదని నిర్ధారించిన పది మంది రోగుల వివరాలను 2022లో వెలువరించారు. పది మందీ 2011 తర్వాతివారే. అందులో ఆరుగురు 2017 తర్వాతివారు. ఎనమండుగురు స్త్రీలు. ఐదుగురు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. ఒకరు కాలేయం పూర్తిగా చెడి మరణించారు. వారు వాడిన సరుకులలో ఏడింటిని రసాయన పరీక్షకు పంపితే ఏడింటిలోనూ ఉన్నది పసుపే. మూడింటిలో పైపరిన్ కూడా ఉన్నది. మరొక విశేషం: పదిమందిలో ఏడుగురికి హెచ్.ఎల్.ఏ.-బి 35:01 అనే ఒక వంశపారంపర్య లక్షణం ఉన్నది. సామాన్య జనంలో ఇది అంత ఎక్కువగా ఉండదు. ఈ లక్షణం గలవారి శరీరపు రక్షణ వ్యవస్థ ఆ ద్రవ్యాన్ని శత్రువుగా పొరబడి, దానిని మోస్తున్న కాలేయ కణాలపైననే దాడి చేయునని ఊహిస్తున్నారు. గ్రీన్ టీ సారం వల్ల కాలేయం చెడినవారిలోనూ ఈ లక్షణమే ఎక్కువగా కనబడింది.

అందుచేతనే పక్కింటివారు ఏడాదిగా వేసుకొని హాయిగా ఉన్నారన్నది మనకు ప్రమాణం కాదు. అమెరికాలో 2017 నుండి 2020 వరకు జరిగిన సర్వేను ఆధారం చేసుకొని వేసిన అంచనా ప్రకారం పసుపు క్యాప్సూళ్ళు వాడేవారు సుమారు కోటి పది లక్షల మంది. వారిలో కామెర్లు వచ్చేది అరుదుగానే. వచ్చేవారిని ముందుగా గుర్తించే ఉపాయం మాత్రం ఇంటిలో లేదు. ఇటలీలో 2019లో ఇటువంటి రోగులు గుంపుగా బయటపడగా అక్కడి ఆరోగ్య శాఖ విచారణ జరిపించింది. ఫ్రాన్సు ఆహార భద్రతా సంస్థ 2022లో హెచ్చరిక చేసింది. దాని వద్దకు వచ్చిన నూటికి పైగా ఫిర్యాదులలో పదిహేను కాలేయపు వాపుకు సంబంధించినవి.

ఈ జబ్బు సాధారణంగా క్యాప్సూళ్ళు మొదలుపెట్టిన ఒకటి నుండి నాలుగు నెలలలో తల ఎత్తుతుంది. మొదట ఆకలి పోవును, నీరసం, వికారం. పిమ్మట మూత్రం ముదురు రంగు, ఒంటి దురద, కన్నులు పచ్చబడుట. మానివేస్తే చాలామందికి ఒకటి నుండి మూడు నెలలలో నయమగును. గ్రహించక కొనసాగిస్తేనే ప్రాణం మీదికి వస్తుంది. బోధన్ ఉపాధ్యాయుని బిలిరుబిన్ సీసా మానిన ఏడు వారాలకు సాధారణ స్థితికి వచ్చింది. మానిన షుగర్ మాత్ర వల్ల పెరిగిన చక్కెరను దారికి తేవడానికి అంతకంటే ఎక్కువ కాలమే పట్టింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. కామెర్లు వచ్చిన ఇంటిలో అమ్మమ్మలు పసుపు వేయని కూర, మజ్జిగ అన్నమే పెడతారు. పచ్చనిది తింటే పచ్చదనం పెరుగునని వారి తలపు. వైద్యులు నవ్వుతారు. కూరలోని చిటికెడు పసుపు విషయంలో ఆ నవ్వు సబబే. కాని ఈయన ఇంటిలో పథ్యమని కూరలో పసుపు మానిపించి, బలానికని క్యాప్సూల్ మాత్రం మరి పది రోజులు వేయించారు. చిటికెడును కాదని గుప్పెడును ఉంచుకున్నారు.

మధుమేహానికి పనికిరాదా?

పనికిరాదని చెప్పను. థాయిలాండ్‌లో 2012లో వెలువడిన ఒక పరీక్షలో మధుమేహం ఇంకా రాని, గుమ్మంలో ఉన్న 240 మందిని తీసుకొని సగం మందికి కర్కుమిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు తొమ్మిది నెలలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్రల వారిలో నూటికి 16 మందికి మధుమేహం వచ్చింది. కర్కుమిన్ వారిలో ఒక్కరికీ రాలేదు. ఆశ కలిగించే ఫలితమే. కాని అది వైద్యుల కనుసన్నలలో, కాలేయ పరీక్షలు చేస్తూ ఇచ్చినది. ఇప్పటికే మధుమేహం ఉండి మాత్రలు వాడుతున్నవారు మాత్ర మాని దీనిని వేసుకొనవచ్చునని ఆ పరీక్ష చెప్పలేదు. ఇంత చక్కని ఫలితం ఒక్కచోట కనబడినపుడు పది చోట్ల నిలుస్తుందా అని వేచి చూడడం వివేకం. నిశామలకి వాడదలచినవారు కూడా అసలు మందు మానక, వైద్యునికి తెలిపి, చక్కెరను తరచు పరీక్షించుకుంటూ వాడవలెను.

కొందరు మాత్రం సారపు క్యాప్సూళ్ళ జోలికి అసలు పోరాదు. పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారు మొదటివారు. 20 మిల్లీగ్రాముల కర్కుమిన్‌తోనే పిత్తాశయం సంకోచించునని 1999 నాటి పరీక్ష చూపింది. కదలని రాయి కదిలి నాళంలో చిక్కుకుంటే అది శస్త్రచికిత్స దాకా పోవును. గుండె జబ్బుకు వార్ఫరిన్ వాడేవారు రెండవవారు. నిలకడగా ఉన్న ఒక రోగి పసుపు సరుకు మొదలుపెట్టిన కొన్ని వారాలలో ఐ.ఎన్.ఆర్. పదికి మించి, రక్తస్రావ ప్రమాదం ఏర్పడినదని న్యూజీలాండ్ ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. మూత్రపిండాలలో రాళ్ళు వచ్చే తత్త్వం గలవారు కూడా జాగ్రత్త పడవలెను. ఎండలు మండే మన ప్రాంతంలో వీరు తక్కువమంది కారు. పసుపులోని ఆక్సలేట్ నీటిలో కరిగే రకం. దినమూ మూడు గ్రాముల మోతాదులో పసుపు ఇచ్చి చూస్తే మూత్రంలో ఆక్సలేట్ పెరిగినదని 2008లో ప్రకటించారు. రక్తహీనత గల స్త్రీలకు, గర్భిణులకు కూడా క్యాప్సూళ్ళు తగవు. కర్కుమిన్ ఇనుమును పట్టి ఉంచే స్వభావం కలది.

పొడిలో పొంచి ఉన్నది

క్యాప్సూల్ జోలికి పోని ఇంటికి మరొక దారిలో ప్రమాదం రావచ్చును. ఇది పసుపు దోషం కాదు, పసుపుపై పూసిన రంగు దోషం. పాలిష్ పట్టే దశలో కొమ్ములు నిగనిగలాడుటకు లెడ్ క్రోమేట్ అనే పచ్చని రంగును కలిపే దుర్మార్గం కొన్నిచోట్ల ఉన్నది. భారత్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంకలలోని 23 నగరాల నుండి సేకరించిన 356 నమూనాల ఫలితాలు 2024లో వచ్చినవి. పాట్నా, కరాచీ, పెషావర్ నమూనాలలో సీసం గ్రాముకు 1000 మైక్రోగ్రాములు దాటింది. మన దేశపు పరిమితి గ్రాముకు 10 మాత్రమే. సీసం పసిపిల్లల మెదడును మందగింపజేస్తుంది, పెద్దలకు రక్తపోటును పెంచుతుంది, ఎముకలలో ఏళ్ళ తరబడి తిష్ఠవేస్తుంది. దానికి ఇంత అయితే ఫరవాలేదన్న కొలత లేదు.

ఇది మాన్పలేని రోగం కాదు. బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ నమూనాలలో నూటికి 47 వాటిలో సీసం కనబడగా, ప్రభుత్వం దాడులు జరిపి, శిక్షలు విధించి, వర్తకులకూ ప్రజలకూ తెలియజెప్పిన తర్వాత 2021 నాటికి అది సున్నాకు దిగింది. రెండేళ్ళు పట్టింది, అంతే.

నిజామాబాద్ గృహిణులకు ఉన్న సౌకర్యం పెద్ద నగరాల వారికి లేదు. తెలిసిన రైతు ఇంటి నుండి పాలిష్ పట్టని, లేదా తక్కువ పట్టిన కొమ్ములు తెచ్చుకొని, ఎండబెట్టి, గిర్నీలో పట్టించుకొనవచ్చును. కొమ్ము పైన ఎంత మెరిస్తే అంత మంచిదన్న భ్రమ విడిచిపెట్టవలెను. గరుకుగా, కొంచెం మట్టిరంగుగా ఉన్న కొమ్ము విరిచి చూస్తే లోపల నారింజ వర్ణం కనబడుతుంది. కొన్న కొమ్మును గాజు గ్లాసులోని నీటిలో వేసి చూడండి. పూత రంగు ఉంటే వెంటనే నీటిలోకి దిగును. పొడి అయితే ఒక చెంచా నీటిలో వేసి కదపక ఉంచితే అడుగున చేరి పైన నీరు లేత పసుపుగా మిగలవలెను. నీరంతా చిక్కని పచ్చరంగు అయితే ఆ పొడిని వాడకండి. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన సీసం లేదని పూచీ లేదు, కొద్దిపాటి కల్తీ దీనికి దొరకదు. చిన్నపిల్లలు ఉన్న ఇంటివారు విడిపొడి మాని కొమ్ములు పట్టించుకొనడమే మేలు.

పట్టించిన పొడిని వెలుతురు తగలని డబ్బాలో మూత బిగించి ఉంచండి. ఎండకు కర్కుమిన్ చెడిపోతుంది. రాత్రి పాలలో పసుపు త్రాగే అలవాటు ఉన్నవారికి పావు చెంచా చాలును. ఇంటిలో ఎవరైనా పసుపు, అశ్వగంధ, గ్రీన్ టీ ఏ పేరుతోనైనా క్యాప్సూళ్ళు వాడుతూ ఉంటే, ఆసుపత్రికి వెళ్ళునపుడు మిగిలిన మందుల చీటీలతో పాటు ఆ సీసాను కూడా సంచిలో వేసుకొని పోవలెను. డాక్టరు అడిగినా, అడగకపోయినా బల్లపై పెట్టవలెను.